సవరణ: ‘కీప్’కు బదులు ఏ మాట?

స్టోర్, రిటైన్, ప్రిజర్వ్ మూడూ కీప్‌కు పర్యాయపదాలేనని నిన్నటి పోస్టులో ఉంది. అర్థాలు దగ్గరివే గానీ, ఒకదాని చోట ఇంకొకటి పెడితే వాక్యం చెడుతుంది. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొఘలుల కాలం నాటి కాగితాలు పాడవకుండా కాపాడటం ప్రిజర్వ్. బియ్యం డబ్బాలో పోసుకోవడం స్టోర్. ఉన్నది వదులుకోకపోతే రిటైన్.

అసలు జాగ్రత్త కావాల్సింది కీప్ దగ్గరే. ‘బ్యాగు టేబుల్ మీద కీప్ చెయ్యి’ అని మన హైదరాబాద్ ఆఫీసుల్లో రోజూ వింటాం. ఉర్దూలో ‘రఖ్‌నా’ అంటే పెట్టడమూ, ఉంచడమూ కూడా; ఆ అలవాటు ఇంగ్లీషులోకీ వస్తుంది. బ్రిటిష్, అమెరికన్ వాడుకలో అక్కడ పుట్ రావాలి. కీప్ అంటే అక్కడే ఉండనివ్వడం. భారతీయ ఇంగ్లీషులో ఇది స్థిరపడిన వాడుకే, అలా మాట్లాడేవాళ్లను దయచేసి చిన్నబుచ్చకండి. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాసేవాళ్లు మాత్రం పుట్ అనే రాయండి.