నగుమోములో ధైవతం ఏది? సంగీతం డిగ్రీలో చేరడానికి అసలు కారణం

సంగీతంలో డిగ్రీకి దరఖాస్తు పెట్టిన పిల్లల్ని ఎందుకు చేరుతున్నారని అడగండి. జవాబులు మూడింటికి మించవు. చిన్నప్పటి నుంచీ పాటంటే ప్రాణం అంటారు. కచేరీలు చేయాలనుంది అంటారు. టీచరు ఉద్యోగం వస్తుందని ఇంట్లో చెప్పారంటారు. మూడూ మనస్ఫూర్తిగా చెప్పేవే. కానీ మూడేళ్ల చదువుకు ఏ ఒక్కటీ చాలదు. పాట ప్రాణమైతే ఇంట్లో పాడుకోవచ్చు. సభలవాళ్లు పట్టా అడగరు, ఆకాశవాణి గ్రేడు కూడా ఆడిషన్‌లో పాట విని ఇచ్చేదే. ఇక ఉద్యోగమంటారా, యూనివర్సిటీలో పాఠం చెప్పాలంటే ఎం.ఏ. చేసి, ఆపైన నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష) రాసో పీహెచ్‌డీ చేసో నిలబడాలి. అంతా అయ్యాక చూస్తే ఖాళీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి.

అయినా చేరాలి, తప్పకుండా చేరాలి అనే చెబుతున్నాను. దానికి ఈ మూడూ కాని కారణం ఒకటుంది. దరఖాస్తులో అది రాసేవాళ్లు అరుదు.

గురువుగారి దగ్గర వారానికి రెండు గంటల పాఠం అనుకుందాం. సెలవులు పోను ఏడాదికి 100 గంటలు కూడా తేలవు. ఆ కాస్త సమయమూ పాఠాంతరం, అంటే గురువు పాడే తీరు, గొంతులోకి ఎక్కించడానికే సరిపోతుంది. ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే సంగతి తర్వాత సంగతి, స్వరాన్ని ఊపే గమకం జారిపోకుండా, తాళం తప్పకుండా అప్పజెప్పించడమే పెద్ద పని. అందులో గురువు తప్పేమీ లేదు. ఆ పాట మన దాకా ఎలా వచ్చింది, ఎక్కడ మారింది, ఏది నిజమని ఎలా తేల్చాలి అన్న ప్రశ్నలకు అక్కడ వ్యవధి ఉండదు. వాటికి కూర్చోబెట్టి సమయమివ్వగలిగింది విశ్వవిద్యాలయమే.

ఒక్క పాట తీసుకుందాం. త్యాగరాజస్వామి ‘నగుమోము గనలేని’. రాగం ఆభేరి, తాళం ఆది. తెలుగిళ్లలో తెలియనివాళ్లుండరు. ధైవతమంటే సప్తస్వరాల్లో ఆరోదైన ‘ద’. ఈరోజు దాదాపు అందరూ ఈ పాటను చతుశ్రుతి అనే రకం ధైవతంతో పాడతారు. అంటే 22వ మేళం (మాతృరాగం) ఖరహరప్రియ కుటుంబం, హిందుస్తానీ భీంపలాసికి దగ్గరి పోలిక. కానీ సుబ్బరామ దీక్షితులు 1904లో అచ్చు వేయించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అనే స్వరగ్రంథం తెరిస్తే ఆభేరి 20వ మేళం నారీరీతిగౌళ కింద కనిపిస్తుంది. అక్కడ ధైవతం శుద్ధం. ముత్తుస్వామి దీక్షితుల ‘వీణాభేరీ’ కృతికి స్వరం వేసింది కూడా ఆ ధైవతంతోనే. మేళం నంబరు గుర్తులేదా? రాగం పేరులోని అక్షరాలను అంకెలుగా మార్చే కటపయాది సూత్రం ఉండనే ఉంది. ‘నారీ’లో న సున్న, ర రెండు, తిరగేస్తే 20. ‘ఖర’లో ఖ రెండు, ర రెండు, తిరగేసినా 22. హార్మోనియం మీద ఒకటి శ్రుతి పట్టుకుంటే పంచమం పక్క నల్లమెట్టు శుద్ధ ధైవతం, దాని తర్వాతి తెల్లమెట్టు చతుశ్రుతి ధైవతం. తేడా ఒక్క మెట్టే అయినా పాట ముఖమే మారిపోతుంది. శుద్ధ ధైవతంతో ‘నగుమోము’ పాడే పాతకాలపు ఫణితి కూడా ఉంది. ఒకసారి విన్నవాళ్లకు ఆ దిగులు చెవిలోంచి పోదు.

మరి త్యాగరాజస్వామి దేనితో పాడారు? ఆయన స్వరం రాసిపెట్టలేదు. పాట మనకు శిష్యుల ద్వారా వచ్చింది: ఉమయాల్పురం, తిల్లైస్థానం, వాలాజాపేట పరంపరలు. ఏ పరంపర ప్రతిలో ఏముంది, ఆ ప్రతి ఎప్పటిది, రాసినవాళ్లు ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ముత్తుస్వామి దీక్షితుల సంప్రదాయంలోని ఆభేరిని త్యాగరాజ కృతికి సాక్ష్యంగా పెట్టడం ఎంతవరకు చెల్లుతుంది? చివరి ప్రశ్న నా దృష్టిలో అన్నిటికన్నా గట్టిది. ఒకే రాగం పేరుతో రెండు సంప్రదాయాల్లో రెండు రూపాలు ఉండటం కొత్తేమీ కాదు. ప్రశ్నలు ఈ వరుసలో వేయడం నేర్చుకోవడమే సంగీతం డిగ్రీ.

గొప్ప విద్వాంసులు డిగ్రీలు చదివే గొప్పవాళ్లయ్యారా అని అడుగుతారు. కాలేదు. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు ద్వారం వెంకటస్వామినాయుడు గారు విద్యార్థిగా చేరదామని వెళ్తే వయొలిన్ ఆచార్యుణ్ని చేశారని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపల్‌గా ఉన్న చోట అది జరగదగ్గ పనే. కానీ ఆ మహానుభావులు కళాశాలలను కాదనుకోలేదు, వాటిలో కూర్చుని పాఠాలు చెప్పారు. విజయవాడ కళాశాలకు బాలమురళీకృష్ణ ప్రిన్సిపల్‌గా పనిచేశారు. విజయనగరంలో చదువుకునే ఘంటసాల వచ్చారు. గురుముఖతా నేర్చుకోవడాన్ని మానమని ఎవరూ అనడం లేదు. డిగ్రీలో ఉన్న మూడేళ్లూ గురువు దగ్గర పాఠం సాగాల్సిందే.

మళ్లీ ‘నగుమోము’ దగ్గరికే వద్దాం, ఎందుకంటే ధైవతం కన్నా నన్ను ఎక్కువగా బాధించేది మాట. చరణంలో ‘గగనానికిలకు బహు దూరంబనినాడో’ అని వస్తుంది. గగనానికి, ఇలకు. ఆకాశానికీ భూమికీ చాలా దూరమని గరుత్మంతుడు అన్నాడేమో అని భక్తుడి అనుమానం. చాలామంది ‘గగనాని’ దగ్గర ఊపిరి తీసుకుని ‘కిలకు’ అని ఎత్తుకుంటారు. కిలకు అనే మాట తెలుగులో లేదు. భాష రానివాళ్లు అలా విరిస్తే అర్థం చేసుకోవచ్చు, తెలుగు పిల్లలూ అలాగే పాడుతున్నారు. ఇంకొకటి చూడండి: నగుమోము, నగరాజ, ఒగి, ఖగరాజు, గగనానికి, జగమేలే, వగజూపకు. పాట మొత్తం రెండో అక్షరం ‘గ’ ప్రాస మీద అల్లి ఉంది. తాళంలో ఆ ‘గ’ ఎక్కడ పడుతోందో చేత్తో వేసి చూసుకుంటే సంగతులు ఎందుకలా కట్టారో కొంత తెలుస్తుంది.

ఇది చెప్పాల్సింది ఎవరు? మన విశ్వవిద్యాలయాల్లో తెలుగు శాఖ ఒక భవనం, సంగీత శాఖ ఇంకో భవనం. ఎం.ఏ. తెలుగు చదివినవాళ్లకు యతి, ప్రాస తెలుసు, తాళం తెలియదు. కీర్తనను పద్యంలా చదివి పక్కన పెడతారు. సంగీతం చదివినవాళ్లకు తాళం తెలుసు, ప్రాస అంటే ఏమిటో తెలియదు. ఈ గోడ వల్ల మనం పోగొట్టుకుంటున్నది కొంచెం కాదు. తమిళనాట ఎట్టయపురంలో అచ్చయిన ‘సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు లిపిలో ఉంది, తెలుగులో రాసిన పుస్తకం. కంపితం, స్ఫురితం, నొక్కు, జారు వంటి గమకాలకు స్వరం మీద గుర్తులు పెట్టి మరీ అచ్చు వేశారు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1961 నుంచి సంపుటాలుగా తమిళంలోకి తెచ్చాక అక్కడి విద్యార్థులు దాన్ని నమిలి మింగారు. అక్షరం నేరుగా చదవగలిగిన మన పిల్లల్లో ఎంతమంది ఆ పుస్తకం తెరిచి చూశారు? తాళ్లపాక రాగిరేకుల మాటా అంతే. రేకు మీద పాట ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. మనం వింటున్న అన్నమయ్య వరసలు చాలావరకు 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలుకొని ఎందరో కట్టినవి. అది తెలియక, అన్నమయ్య ఇలాగే పాడారనుకునే విద్యార్థులున్నారు. బి.ఏ. సంగీతంలో పదచ్ఛేదం (మాటలు విడదీయడం), ఛందస్సులకు ఒక పేపరు, ఎం.ఏ. తెలుగులో తాళం వేసి కీర్తన చదివే పేపరు ఒకటి పెట్టడానికి కొత్త భవనాలేమీ కట్టనక్కర్లేదు. ఇద్దరు అధ్యాపకులు ఒక గదిలో కూర్చుంటే చాలు.

దరఖాస్తు పెట్టబోయే పిల్లలకు రెండు మాటలు. ప్రవేశ పరీక్షలో చాలామంది పడిపోయేది శ్రుతి దగ్గర. గొంతు మారాక కూడా అబ్బాయిలు చిన్ననాటి శ్రుతినే పట్టుకుని పాడతారు. మంద్ర (కింది స్థాయి) పంచమం మీద ఆగగలగాలి, తార (పై స్థాయి) పంచమం చిరగకుండా తాకగలగాలి, రెండూ కుదిరేదే మీ శ్రుతి. వర్ణం అనే సాధన రచనను రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, పాడమంటే తాళం చెయ్యి కూడా పరిగెత్తుతుంది, గమకాలు చదునైపోతాయి. మొదటి కాలాన్నే వేగంగా సాధన చేయడం దీనికి కారణం. నిమిషానికి 50 దెబ్బల దగ్గర మొదలుపెట్టండి.

రెండోది దీనికన్నా ముఖ్యం. మీకు బాగా వచ్చిన కృతి ఒకటి తీసుకోండి. సాహిత్యం ఒక కాగితం మీద విడదీసి రాయండి. ప్రాసాక్షరం కింద గీత పెట్టండి. మీ గురువుగారి పాఠానికీ, అచ్చు పుస్తకంలో ఉన్న స్వరానికీ తేడా ఎక్కడొచ్చిందో అక్కడ గుర్తు పెట్టి, పక్కన మీ ప్రశ్న రాయండి. ఎందుకు చేరాలనుకుంటున్నారని ఇంటర్వ్యూలో అడిగినప్పుడు ఆ కాగితం బల్ల మీద పెట్టండి.