టౌట్ అంటే "జస్ట్ ఏజెంటే" అంట!

కాలేజీ వాట్సాప్ గ్రూపులో అదే మెసేజ్, అపార్ట్‌మెంట్ గ్రూపులో అదే, నిన్న మా బావగారు కూడా అదే పంపించారు. "టౌట్ అనే ఇంగ్లీషు పదం గురించి మీకు తెలియని 4 నిజాలు" అంట. టౌట్ (tout) అంటే స్టేషన్ దగ్గర ఎక్స్‌ట్రా తీసుకుని టికెట్లు అమ్మేవాడు, అలాంటి బాపతు. తెలియకపోవడమే మంచిదయ్యేది.

ఒకటి, దానికేదో ఫుల్ ఫామ్ ఉందట. లేదు. రెండు, ఫ్రెంచిలో "అన్నీ" అనే మాట నుంచి వచ్చిందట, స్పెల్లింగ్ ఒకటైతే చుట్టాలైపోతారా? టౌట్‌కి పాత ఇంగ్లీషులో తొంగిచూడ్డం, కాపుకాయడం అని అర్థం, తర్వాత దొంగలకి కాపలా ఉండేవాడు, రేసు గుర్రాల్ని చాటుగా చూసొచ్చి టిప్పులు అమ్ముకునేవాడు, గిరాకీ కోసం మీద పడేవాడు, ఇలా దిగింది.

మూడు, "వైజాగ్‌ని ఐటీ హబ్‌గా టౌట్ చేస్తున్నారు" అని పేపర్లో రాస్తే ఊరికి అవమానమట. గొప్పగా ఊదరగొడుతున్నారని అర్థం బాబూ, తిట్టు కాదు. రాసినవాడికి పూర్తి నమ్మకం లేదేమో అన్న వాసన కొంచెం వస్తుంది, అంతే.

నాలుగోదే నాకు మండింది. "టౌట్ అంటే జస్ట్ ఏజెంటే, స్టేషన్ దగ్గర ఎక్స్‌ట్రా ఇచ్చి టికెట్ తీసుకోవడం సర్వీస్ చార్జీ లాంటిది, తప్పు లేదు" అంట. ఓహో! మరి 1989 రైల్వే చట్టం సెక్షన్ 143 ఎవరికోసం రాసినట్టు? పర్మిషన్ లేకుండా టికెట్లు కొనిపెట్టే వ్యాపారం చేస్తే 3 ఏళ్ళ దాకా జైలు, లేదా 10,000 దాకా ఫైను, లేదా రెండూ. ఆన్‌లైన్లో బుక్ చేస్తే వర్తించదని కొందరి తెలివి, 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఈ-టికెట్లకీ వర్తిస్తుందని చెప్పేసింది. కొన్నవాడు సేఫా అంటే అదీ లేదు, ఎవరి పేరు మీదో ఉన్న రిజర్వేషన్ కొనుక్కుని ఎక్కితే సెక్షన్ 142, టికెట్ పోతుంది, టికెట్ లేకుండా ఎక్కినట్టే లెక్క. దువ్వాడ దాటాక టీటీఈ ఆధార్ అడిగితే "సర్వీస్ చార్జీ కట్టాను సార్" అని చెప్పండి, ఏమంటారో చూద్దాం.

అసలు ఐఆర్‌సీటీసీ లైసెన్సున్న ఏజెంట్లు వేరే ఉన్నారు కదా, వాళ్ళకే 2025 జులై నుంచి తత్కాల్ ఓపెనైన మొదటి అరగంట బుకింగ్ లేదు. స్టేషన్ బయట తిరిగేవాడికి మాత్రం మీ మెసేజ్ లైసెన్స్ ఇచ్చేసింది!

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. "సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వైజాగ్ టికెట్ మామూలోడికి దొరకదు" అని చివర్లో రాశారు చూడండి, అది నూటికి నూరుపాళ్ళు నిజం. ఫార్వర్డ్ చేస్తే ఆ ఒక్క లైనే చేయండి, రైల్వే వాళ్ళని ట్యాగ్ చేసి మరీ.