ర్యాంకు తర్వాత, ముందు కాగితాలు

ఊళ్లో అన్న కొడుకో అక్క కూతురో ఇంటర్‌కి రాగానే ఫోను విదేశంలో ఉన్న మనకే వస్తుంది: తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ (ఎస్వీయూ)లో బీటెక్ చాలా, ఏర్పేడులోని తిరుపతి ఐఐటీకి పట్టుబట్టాలా అని. మనవాళ్లు వెంటనే ర్యాంకుల లెక్కలోకి దిగిపోతారు. ముందు అడగాల్సింది ర్యాంకు కాదు, బిడ్డ ఎక్కడ చదివింది, ఇంటి ఆదాయమెంత అని.

ఐఐటీ గడప ఎత్తే. జేఈఈ మెయిన్‌లో మొదటి 2.5 లక్షల మందిలో ఉంటేనే ఐఐటీ సీటిచ్చే అడ్వాన్స్‌డ్ పరీక్ష రాయనిస్తారు, అదీ వరుస రెండేళ్లలో రెండుసార్లే. ఎస్వీయూకి దారైన రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, తప్పు రాస్తే మార్కు కోత లేదు, ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ.

ఎస్వీయూలో అసలు మెలిక స్థానికత. 85 శాతం సీట్లు స్థానికులకే. ఇంటర్ రెండో ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఎస్వీయూ పరిధిలో, అంటే రాయలసీమ, నెల్లూరు ప్రాంతంలో, చదివుండాలి. చిత్తూరు నుంచి పిల్లాణ్ని తొమ్మిదిలోనే వేలూరు బడికో చెన్నై హాస్టల్‌కో పంపినవాళ్లకు ఈ సంగతి కౌన్సెలింగ్ దాకా తట్టదు. ఇక మిగిలింది 15 శాతం. దానికి పిల్లాడో, తల్లో తండ్రో రాష్ట్రంలో మొత్తం పదేళ్లు ఉన్నట్టు రుజువు కావాలి, పోటీకి స్థానికులూ వస్తారు.

ఐఐటీ ట్యూషన్ సెమిస్టర్‌కి లక్ష, నాలుగేళ్లకు 8 లక్షలు. ఈ అంకె వినే చాలామంది వెనక్కి తగ్గుతారు. కానీ ఇంటి వార్షికాదాయం లక్షలోపైతే ట్యూషన్ మొత్తం మాఫీ. లక్ష నుంచి 5 లక్షల దాకా మూడింట రెండొంతులు మాఫీ, అంటే సెమిస్టర్‌కి 33 వేల చిల్లర. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ఆదాయం ఎంతైనా ట్యూషన్ లేదు. హాస్టల్, మెస్ ఖర్చు వేరే. ఆ లెక్కన తిరుపతి కొర్లగుంటలో ఇల్లున్న అమ్మాయికి ఎస్వీయూ చవక, ఇంటన్నం తిని సిటీ బస్సెక్కితే సరి.

నిజంగా నలిగేది ఏడాదికి 6 లక్షల జీతం ఉన్న ఇల్లు. మాఫీ గీతకు కాస్త అవతల ఉంటుంది, 8 లక్షలూ తనే కట్టుకోవాలి. ఇక్కడి మన తెలుగు సంఘాలేమో ర్యాంకు చూసి చెక్కు, శాలువా ఇచ్చి ఫొటో దిగుతాయి. ఆ డబ్బు ఈ ఇళ్లకు పోవాలి.

ఇక్కడ, విదేశంలో పుట్టిన మన పిల్లల లెక్క వేరు. ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చేది) 2021 మార్చి 4కి ముందుదైతే అడ్వాన్స్‌డ్‌లో జనరల్ సీట్లకు భారతీయులతో పాటు పోటీపడొచ్చు, తర్వాతదైతే విదేశీయుల కింద లెక్క. కార్డు మార్పించుకున్నవాళ్లు మొదటి కార్డు తేదీ చూపే కాగితం జాగ్రత్తగా దాచండి.