వృద్ధుల హోమ్‌లో ఉంటే వరదకి భయం లేదా? ఆ మెసేజ్‌లో మాటలు ఒక్కొక్కటిగా

వాన గట్టిగా పట్టుకుంటే చాలు, మన బెజవాడ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దాళ్ళకే ప్రమాదం, హోమ్‌లో చేర్పిస్తే స్టాఫ్ ఉంటారు, మేడ మీద గదులుంటాయి, ముందే కబురు తెలుస్తుంది, మరీ ముంచుకొస్తే బస్సెక్కించి తీసుకెళ్ళిపోతారు, పిల్లలు నిశ్చింతగా ఉండొచ్చు అని. అది చదివి నిజంగానే నిశ్చింతగా ఉండేవాళ్ళు ఉన్నారు, నాకు బాధ అక్కడే.

స్టాఫ్ సంగతి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మీద పడింది కదా, అలాంటి కాలనీల్లో ఉండే ఆయమ్మలూ వంటవాళ్ళూ నడుంలోతు నీళ్ళల్లో డ్యూటీకెలా వస్తారు, వాళ్ళిళ్ళలో కూడా పిల్లలూ ముసలాళ్ళూ ఉన్నారు. రాత్రి డ్యూటీలో ఉన్న ఒకరిద్దరే అందర్నీ చూసుకోవాలి.

ముందే తెలుస్తుందన్నది కృష్ణా నది విషయంలో కొంత నిజం, బ్యారేజీ దగ్గర హెచ్చరికలు ఇస్తారు. బుడమేరు గట్లు తెగి వచ్చింది, చాలామందికి సామాను పైకెత్తే టైమ్ కూడా దొరకలేదు.

ఇక మేడ మీద గదులు. నీళ్ళు పైకి రాకపోవచ్చు, కరెంటు పోతుంది కదండీ! మోటరు ఆడదు, లిఫ్ట్ ఆడదు, ఆక్సిజన్ మిషన్ ఆగుతుంది, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పాడవుతుంది. వయసు పైబడితే దాహం సరిగా తెలీదు, దానికి తోడు నీరు లాగే బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు ఉక్కలో చాలా తొందరగా నీరసించిపోతారు. 2017లో ఇర్మా తుఫానప్పుడు అమెరికాలో ఫ్లోరిడాలో ఒక నర్సింగ్ హోమ్‌లోకి వరద రానేలేదు, ఏసీకి కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ పోయింది అంతే, ఆ వేడికి 12 మంది చనిపోయారు. దగ్గర్లోనే పెద్దాసుపత్రి ఉంది. ఆ తర్వాతే అక్కడ ప్రతి హోమ్‌లో 96 గంటలకి సరిపడా జనరేటర్ ఏర్పాటు ఉండాలని చట్టం తెచ్చారు.

బస్సెక్కిస్తే సరిపోతుందన్న మాటే అన్నిటికన్నా ప్రమాదం. 2005లో రీటా తుఫానుకి ముందు హ్యూస్టన్ దగ్గర్నుంచి పెద్దాళ్ళని తరలిస్తుంటే డాలస్ దగ్గర బస్సు తగలబడి 23 మంది పోయారు. 2011లో జపాన్‌లో ఫుకుషిమా అణుప్రమాదం తర్వాత మినామిసోమా ఊళ్ళో ఖాళీ చేయించిన హోములని పరిశీలిస్తే చావులు మామూలుకి సుమారు 2.7 రెట్లు ఉన్నాయి. అయితే అన్ని హోముల్లో ఒకేలా లేదు, ఏర్పాట్లని బట్టీ సంరక్షణని బట్టీ చాలా తేడా వచ్చింది. మంచం దిగలేని మనిషిని, మతిమరుపుతో మనల్నే గుర్తుపట్టని మనిషిని గంటలకొద్దీ కూర్చోబెట్టి, మందుల చీటీ లేకుండా తెలీని చోట దింపితే ఏమవుతుందో ఆలోచించండి.

హోమ్‌లో పెట్టడం తప్పని అనటం లేదు, చాలామందికి వేరే దారి లేదు. కానీ వానలు మొదలవకముందే వెళ్ళి అడగండి: జనరేటర్ కింద ఉందా మేడ మీద ఉందా, డీజిల్ ఎన్ని రోజులకుంది, ఖాళీ చేయాల్సొస్తే ఏ ఊళ్ళో ఏ బిల్డింగ్‌కి తీసుకెళ్తారు, అక్కడ ముందే మాట్లాడి పెట్టుకున్నారా, అమ్మతో పాటు ఎవరొస్తారు. మందుల చీటీ కాపీ ఒకటి వాళ్ళ దగ్గర, ఒకటి మీ ఫోన్‌లో పెట్టుకోండి. తర్వాత చెప్తాం అంటే, ఆ తర్వాత ఎప్పుడో తేదీ చెప్పేదాకా అక్కడ్నించి కదలకండి.