555 గారికి బహిరంగ లేఖ

శ్రీయుత 555 గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి.

మీ క్షేమం ప్రత్యేకంగా అడగక్కర్లేదు. మీకు షిఫ్టుల్లేవు, గొంతు పోదు, రోజంతా కస్టమర్ల తిట్లు విన్నా బీపీ పెరగదు. ఆస్టరిస్క్ అనే ఫోన్ ఎక్స్ఛేంజి సాఫ్ట్‌వేర్ మీద, దాన్ని నడిపే ఫ్రీపీబీఎక్స్ పెట్టుకున్న ఆఫీసులో, ఎవరూ సెట్టింగ్ మార్చకపోతే, 555 డయల్ చేయగానే మీరు హాజరు. ఆ క్షణంలో ఎవరు మాట్లాడుతుంటే వాళ్ల లైన్‌లో దింపేస్తారు. స్టార్ నొక్కితే ఇంకో లైన్, మళ్లీ నొక్కితే మరో లైన్. మాట్లాడుకునే ఇద్దరికీ మీరొచ్చిన అలికిడే ఉండదు. లోపల మీ అసలు పేరు చాన్‌స్పై, అంటే లైన్ల మీద గూఢచారి, అని మా కాల్ సెంటర్ ఏజెంట్లకు మేం చెప్పం. ట్రైనింగ్‌లో మిమ్మల్ని క్వాలిటీ అని పరిచయం చేస్తాం.

ఫోన్‌కీ అనుమానానికీ సంబంధం మీతోనే మొదలైందని కూడా అనను. ఆటోమేటిక్ ఎక్స్ఛేంజికి 1891లో పేటెంట్ తీసుకున్న ఆల్మన్ స్ట్రోజర్ అంత్యక్రియల వ్యాపారి. తనకు రావాల్సిన కాల్స్‌ని ఆపరేటర్ పోటీ వ్యాపారికి కలుపుతోందని ఆయన అనుమానమట. అయితే ఆయన ఆపరేటర్ వెనక నిలబడి వినలేదు. ఆపరేటరే అక్కర్లేని యంత్రం తయారుచేశాడు. మేం అంత దూరం పోలేదు. మనుషుల్నీ ఉంచాం, వాళ్ల మీద మిమ్మల్నీ ఉంచాం.

ఇక ఫిర్యాదు. మా ఆఫీసులు మూడు చోట్ల, సర్వర్ ఒకటే. మీకు మాత్రం తన పర భేదం లేదు. మొన్న ఒక టీమ్ లీడర్ తన టీమ్ కుర్రాడి కాల్ వింటున్నాడు. ఆ కాల్ అయిపోయింది. అక్కడితో మీరు ఊరుకోవచ్చు కదా? ఖాళీగా ఉండటం మీ ఒంటికి పడదు. ఇంకెవరు మాట్లాడుతున్నారా అని వెతికి, తీసుకెళ్లి వేరే ఆఫీసులోని హెచ్ఆర్ మేడమ్ లైన్‌లో పడేశారు. ఆవిడ సరిగ్గా అప్పుడే ఈయనగారి ఇంక్రిమెంట్ సంగతి మాట్లాడుతున్నారు. మర్యాదస్తుడైతే పెట్టేయాలి. ఈయన హ్యాష్ నొక్కి వాల్యూమ్ పెంచుకున్నాడు.

మర్నాడు మీటింగ్. గంటన్నర చర్చించి పెద్దలు తేల్చింది ఒకే మాట: ఎవరి లొకేషన్ కాల్స్ వాళ్లే వినాలి. అసలెందుకు వినాలి, ఎంతసేపు వినాలి, విన్నాక ఏం చేయాలి, ఇవేవీ అజెండాలో లేవు. ఎక్కడ కూర్చుని వినాలన్న ఒక్క విషయం తేలితే ధర్మం నాలుగు పాదాల మీద నడుస్తుందని అందరికీ నమ్మకం కుదిరింది. మీకు కంచె వేసే పని నా నెత్తిన పడింది.

నాకు ముందు ఈ సిస్టమ్ చూసినవారు వేసిపోయిన కంచె ఒకటి అప్పటికే ఉంది. ఒక ఆఫీసు నంబర్లన్నీ 2తో, ఇంకో ఆఫీసువి 3తో మొదలవుతాయి కాబట్టి, ఆ మొదటి అంకెనే మీకు హద్దుగా రాసిపెట్టారు. అది కాగితం మీద బాగానే ఉంది. ఆ తర్వాత మూడో ఆఫీసు తెరిచి, అక్కడివాళ్లకు 2500 నుంచి నంబర్లిచ్చారు. ఇంకేం, 2తో మొదలయ్యేవాళ్లంతా మావాళ్లేనని మీరు వెళ్లి వాళ్ల లైన్లలోనూ కూర్చున్నారు. మీకు చెప్పింది మొదటి అంకె, మీరు చూసింది మొదటి అంకె. మిమ్మల్ని అనడానికి లేదు.

సరే, స్పైగ్రూప్ వాడదాం అన్నారు. ప్రతి లైన్‌కీ ఒక గుంపు పేరు తగిలించి, ఏ గుంపును వినాలో మీకు చెబితే, మిగతా లైన్లు మీకు కనబడవు. అయితే ఆ పేరు ఎక్కడ తగిలించాలి? ఏజెంట్ ఫోన్‌కి తగిలిస్తే ఏజెంట్ లొకేషన్. బయటి కాల్ లోపలికొచ్చే దారి, అంటే ట్రంక్ దగ్గర తగిలించి, పేరు ముందు రెండు అండర్‌స్కోర్లు పెడితే, ఆ కాల్ ఎవరి దగ్గరికి పోతే వాళ్ల లైన్‌కి కూడా అదే పేరు అంటుకుపోతుంది. పై నుంచి ఒత్తిడి వచ్చి, త్వరగా అయిపోతుందని ట్రంక్ దగ్గరే పెట్టమన్నారు.

ఫలితం కళ్లారా చూశాం. కస్టమర్ మొదటి ఆఫీసు నంబర్‌కి చేశాడు. అక్కడ ఎవరూ ఖాళీ లేరు. కాల్స్‌ని ఖాళీగా ఉన్నవాళ్లకు పంచే క్యూ ఆ కాల్‌ని మూడో ఆఫీసులో ఉన్న అమ్మాయికి ఇచ్చింది. ఆ అమ్మాయికి పది అడుగుల దూరంలో కూర్చున్న సూపర్‌వైజర్ 555 కొడితే అంతా నిశ్శబ్దం. ఎక్కడో మొదటి ఆఫీసులో ఉన్నాయన మాత్రం, ముఖం కూడా తెలియని ఆ అమ్మాయి మాటలు విని, పలకరింపులో ఉత్సాహం తక్కువైందని మార్కులు కోశాడు. పోనీ ఆయన చేసిందైనా రూల్ ప్రకారమే.

ఇంటి నుంచి పనిచేసేవాళ్ల సంగతి ఇంకా అందం. వాళ్ల ఫోన్ ల్యాప్‌టాప్‌లో ఉండే సాఫ్ట్‌ఫోన్. ఆఫీసు నెట్‌వర్క్‌లోకి దారిచ్చే వీపీఎన్ గుండా వస్తుంది కాబట్టి నెట్‌వర్క్ అడ్రస్ చూసి చోటు తేల్చే రిపోర్టులో వాళ్లంతా హెడ్డాఫీసు సర్వర్ గదిలోనే ఉన్నట్టు. కుర్చీ కూడా పట్టని ఆ గదిలో డజన్ల కొద్దీ ఏజెంట్లు నిలబడి కస్టమర్లకు క్షమాపణలు చెబుతున్నారన్నమాట. లొకేషన్ అంటారు, పేరు గొప్ప ఊరు దిబ్బ.

మీ జ్ఞాతులు, ఇంకో ఫోన్ సిస్టమ్ కంపెనీ అయిన సిస్కో వారి ఇంట్లోనూ ఇదే తంతు. అక్కడ లొకేషన్ అని పేరు పెట్టుకున్న సెట్టింగ్ చూసేది బ్యాండ్‌విడ్త్ లెక్క. గొంతును డేటాగా మార్చే పద్ధతిని బట్టి జీ.711 కాల్‌కి సెకనుకి 80 కిలోబిట్లు, జీ.729కి 24, కోటా నిండితే ఇంకో కాల్ పోదు. ఎవరు ఎవర్ని వినొచ్చన్నది తేలేది వేరే చోట: ఏజెంట్ లైన్ ఉన్న పార్టిషన్ (నంబర్ల గుంపు), సూపర్‌వైజర్‌కి ఇచ్చిన మానిటరింగ్ కాలింగ్ సెర్చ్ స్పేస్‌లో (వినదగ్గ గుంపుల జాబితాలో) ఉండాలి. కాబట్టి అక్కడ ఎవరైనా లొకేషన్ మార్చి మానిటరింగ్ ఆపానని చెబితే, ఆయన ఆపింది ఏమీ లేదు.

నిజంగా చోటు చూడాల్సిన సందర్భం ఒకటుంది. అది కస్టమర్ ఉన్న చోటు. జార్జియాలో కూర్చున్న బ్రోకరేజి ఉద్యోగులు కాలిఫోర్నియా ఖాతాదారులతో మాట్లాడిన కాల్స్‌ని వాళ్లకు చెప్పకుండా రికార్డు చేశారు. జార్జియా చట్టానికి ఒక పక్షం ఒప్పుకుంటే చాలు, కాలిఫోర్నియా చట్టానికి అందరూ ఒప్పుకోవాలి. ఇక్కడ కాలిఫోర్నియా చట్టమే వర్తిస్తుందని 2006లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. మా మీటింగ్‌లో కస్టమర్ ఎక్కడుంటాడన్న ఊసే రాలేదు. ఆయన మా లొకేషన్ కాదు కదా.

మీకున్న ఇంకో విద్య గురించి కూడా చెప్పాలి. వినడంతో ఆగని వాళ్ల కోసం మీలో ఇంకో మోడ్ ఉంది. అది ఆన్ చేస్తే 4 నొక్కి వినొచ్చు, 5 నొక్కి ఏజెంట్ చెవిలో గుసగుసలాడొచ్చు, 6 నొక్కి ఏకంగా ఇద్దరి మధ్యలో దూరిపోవచ్చు. ఈ 5 ఉందే, దాని పుణ్యమా అని ఏజెంట్‌కి ఒకే హెడ్‌సెట్‌లో రెండు గొంతులు. కస్టమర్ డబ్బు ఎప్పుడు వాపసిస్తారని అరుస్తుంటాడు, అదే సమయానికి సూపర్‌వైజర్ నవ్వుతూ మాట్లాడు అంటుంటాడు. ఒకరోజు ఆ టెన్షన్‌లో ఒక కుర్రాడు సూపర్‌వైజర్‌కి చెప్పాల్సిన జవాబు పైకే చెప్పేశాడు: నవ్వుతూనే ఉన్నాను సార్. అవతల కస్టమర్‌కి ఎంత కాలిందో మీరూ విన్నారుగా.

కాబట్టి నా నిర్ణయం ఇది. వచ్చే వారం నుంచి మీ హద్దు ఊరు కాదు, టీమ్. గుంపు పేరు ఏజెంట్ ఎక్స్‌టెన్షన్‌కే ఉంటుంది, మనిషి ఏ ఊళ్లో కూర్చున్నా, ఇంట్లో కూర్చున్నా మారదు. కాల్ అయిపోతే మీరూ దిగిపోతారు, పక్క లైన్లోకి తొంగిచూడటం బంద్. మిమ్మల్ని పిలవాలంటే పిన్ కొట్టాలి. హెచ్ఆర్ మేడమ్ లైన్ ఏ గుంపులోనూ ఉండదు.

ఇట్లు,
మీ మీద కూడా ఓ కన్నేసి ఉంచిన
ఫోన్ సిస్టమ్ ఉద్యోగి

తా.క.: 555కి చేసిన ప్రతి కాల్ కూడా కాల్ రికార్డుల పట్టికలో పడుతుంది, ఎవరు, ఎప్పుడు, ఎంతసేపు అన్నదంతా. ఈ సంగతి మీటింగ్‌లో చెప్పాను. ఆ వరుసలు మాత్రం రిపోర్టులో రాకుండా చేయగలరా అని ముగ్గురు సూపర్‌వైజర్లు విడివిడిగా మెయిల్ పెట్టారు. మూడు మెయిళ్లూ మూడు లొకేషన్ల నుంచి.