ఆఫీసు దారిలోనే వ్యాయామం: మరి రోడ్డులో సైకిల్ వాటా ఏది?

సైకిల్ తొక్కితే పెట్రోలు ఆదా, పొగ ఉండదు. ఈ మాట వినీ వినీ అందరికీ కంఠతా వచ్చేసింది. అంతకంటే పెద్ద లాభం సమయం. ఐదు కిలోమీటర్ల దూరంలోని ఆఫీసుకు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తే 20 నిమిషాలు. రానూపోనూ 40, ఐదు పనిదినాలకు 200. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఎలాగూ దారిలో గడిచిపోయే సమయంలోనే ఆ లెక్క తీరిపోయి, పైగా 50 నిమిషాలు మిగులుతున్నాయి. జిమ్ము మానేయొచ్చు, ఆఫీసు మానలేం కదా! కార్లలో, బస్సుల్లో పనికి వెళ్లేవారితో పోలిస్తే సైకిల్‌పై వెళ్లేవారికి అకాల మరణం ముప్పు 41 శాతం తక్కువని 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం తేల్చింది. సుమారు 2.6 లక్షల మందిని పరిశీలించి, పొగతాగడం, తిండి వంటి తేడాలను సర్దుబాటు చేశాక తేలిన అంకె ఇది.

చెమట పడుతుందనేది మొదటి అభ్యంతరం. నిజమే, వేగం పెంచితే పడుతుంది. గాలిని తోసుకుపోవడానికి కావాల్సిన శక్తి వేగానికి మూడో ఘాతంలో పెరుగుతుంది. 15 నుంచి 20 కిలోమీటర్లకు పెంచితే గాలిపై పెట్టే శక్తి రెట్టింపు దాటుతుంది, ఐదు కిలోమీటర్లకు ఆదా అయ్యేది మాత్రం ఐదు నిమిషాలే. నెమ్మదిగా తొక్కండి, బ్యాగును వీపున మోయకుండా క్యారియర్‌కు కట్టండి.

కొన్నవాళ్లలో చాలామంది నెల తిరక్కుండానే సైకిల్‌ను మూలన పడేయడానికి కారణం బద్ధకం అనుకోవడం అన్యాయం. సీటు మీద కూర్చుని రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలని దాన్ని దించేస్తారు. అప్పుడు మోకాలు అతిగా మడతపడి, ముందు వైపు నొప్పి మొదలవుతుంది. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు దానిపై మడమ పెడితే కాలు నిటారుగా చాచుకోవాలి. అదీ సరైన ఎత్తు. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెడల్ మీదికి వస్తుంది కాబట్టి మోకాలికి కావాల్సిన కొద్దిపాటి వంపు దానంతటదే వస్తుంది. ట్యూబులో గాలి పంక్చర్ లేకున్నా మెల్లగా తగ్గుతుంది. వారానికోసారి టైరు పక్కన ముద్రించిన ఒత్తిడి మేరకు కొట్టించకపోతే, గుంత అంచుకు తగిలినప్పుడు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. చైనుకు లింకుకో చుక్క నూనె చాలు. పైన మిగిలింది గుడ్డతో తుడిచేయాలి, లేదంటే దుమ్ము పట్టి ఆకురాయిలా పళ్లను అరగదీస్తుంది.

ఇవన్నీ మనిషి చేతిలో ఉన్నవి. ప్రాణభయం మాత్రం కాదు, అది రోడ్డు గీసినవాళ్లు పెట్టింది. తెల్లగీత గీసి సైకిల్ దారి అంటే సరిపోదు, గీత ఏ బస్సునూ ఆపదు. ఎత్తైన రాతి అంచు కావాలి. కూడళ్లలో ఆ దారి తెగిపోకూడదు, మలుపు తిరిగే వాహనాలు గుద్దేది అక్కడే. చోటు లేదంటారు. ఒక కారు నిలిపే జాగాలో పది సైకిళ్లు పడతాయి. అందరి సొమ్ముతో వేసిన రోడ్డును కొద్దిమంది కార్ల పార్కింగుకు రాసిచ్చి, చోటు లేదనడం ఏం న్యాయం? తొక్కేవాళ్లే లేరుగా అన్న వాదనకు స్పెయిన్‌లోని సెవిల్ నగరం ఎప్పుడో జవాబిచ్చింది. 2006 నుంచి కొన్నేళ్లలోనే అక్కడ పార్కింగ్ స్థలాలు తీసేసి, ఒకదానితో ఒకటి కలిసేలా, అంచులతో వేరుచేసి 100 కిలోమీటర్లకు పైగా సైకిల్ దారులు వేశారు. తొక్కేవాళ్లు ఆ తర్వాతే వచ్చారు, అంతకుముందుకన్నా ఎన్నో రెట్లు.