మహారాజశ్రీ స్టెప్నీ గారికి బహిరంగ విన్నపం

బండి అడుగున వేలాడే అదనపు చక్రమైన మహారాజశ్రీ స్టెప్నీ గారి దివ్యసముఖమునకు, బెజవాడ నుంచి ఒక ప్రయాణికుడు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమసమాచారం మాత్రం తెలియడం లేదు. తెలియాలంటే ఎవరో ఒకరు నేల మీద గోనెసంచి పరుచుకుని, బండి కిందికి దూరి, తలెత్తి చూడాలి. మా బావగారి కారవాన్ ఇంటికి వచ్చినప్పటి నుంచి అంతటి సాహసం ఎవరూ చేసిన దాఖలా లేదు.

తమరు కింద వేలాడుతున్నారు గనుక పైన జరుగుతున్న వైభవం తమరి దాకా చేరి ఉండదు. బావగారు ఒక టెంపో ట్రావెలర్ కొని, ఆటోనగర్‌లో దానికి ఇంటి రూపం కట్టించారు. రెండు మంచాలు, ఫ్రిజ్, టీవీ, ఏసీ, స్నానాలగది, గ్యాసు పొయ్యి, 200 లీటర్ల నీళ్ళ ట్యాంకు, ఇన్వర్టరు, దానికి రెండు పెద్ద బ్యాటరీలు, రంగులు మార్చే సీలింగు దీపాలు అందులో కొలువుతీరాయి. చూడవచ్చిన చుట్టాలు చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళి, పరుపు నొక్కి చూసి, "ఇంకేం కావాలండీ, అచ్చం ఇల్లే" అని మెచ్చుకుని వెళుతున్నారు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం ఈ మార్పులన్నింటికీ రవాణా అధికారుల అనుమతి తీసుకున్నారా అని అడిగిన చుట్టం ఒక్కరే ఉన్నారు. ఆయనకు రెండో కప్పు కాఫీ రాలేదు. తమరి గురించి అడిగినవారు ఆ ఒక్కరు కూడా లేరు.

ఇంద్రకీలాద్రి దగ్గర వాహనపూజ జరిగిన రోజున నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. అయిదో నిమ్మకాయ ఎవరికీ గుర్తు రాలేదు. అందులో అర్చకులవారి దోషం ఏమీ లేదు, తమరు వారికి కనబడితే కదా.

నిజానికి తమరిది చిన్న వంశం కాదు. మొదటి రోజుల్లో కార్లకు అదనపు చక్రం అన్నదే ఉండేది కాదు, టైరు పగిలితే దొరవారైనా సరే రోడ్డు పక్కన దిగి దానినే బాగుచేయించుకోవలసి వచ్చేది. 1904లో వేల్స్‌లోని లానెల్లీ పట్టణంలో, స్టెప్నీ వీధికి చెందిన డేవీస్ సోదరులు తమరి పూర్వీకుణ్ణి తయారుచేసి ఆ బాధ తప్పించారు. చక్రాల మీద కాపురమూ మా ప్రాంతానికి కొత్త కాదు. 1982లో ఎన్.టి. రామారావు గారు పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్పించుకుని, కుమారుడు హరికృష్ణ గారు నడుపుతుండగా అందులోనే ఉంటూ ఊరూరా తిరిగారు. జనం పైకప్పు మీద నిలబడిన మనిషినే చూశారు గాని, ఆ బండికి స్టెప్నీ ఉందో లేదో చూసినవారు ఎందరుంటారు?

ఇక అసలు సంగతికి వస్తాను. మా రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగులు 62 ఏళ్ళకు ఇంటికి వెళతారు. తమరిది మాత్రం పని చేయనక్కరలేని, పదవీ విరమణ లేని ఉద్యోగమని బావగారి నమ్మకం. టైరు పక్కగోడ మీద అచ్చువేసిన సంకేతంలోని చివరి నాలుగు అంకెలే తమరి జన్మపత్రిక. 2317 అని ఉంటే 2017వ సంవత్సరం 23వ వారంలో పుట్టారని అర్థం. అయిదేళ్ళు దాటిన టైరును ఏడాదికోసారి తెలిసినవారికి చూపించాలని, పదేళ్ళు దాటితే ఏమాత్రం అరగకపోయినా, అది స్టెప్నీ అయినా సరే, తీసేయాలని టైరు కంపెనీలే చెబుతున్నాయి. మనవడి జాతకం నక్షత్ర పాదంతో సహా ఒప్పజెప్పగల బావగారు ఈ నాలుగు అంకెలను ఇంతవరకు చదవలేదు.

పైకి కనబడే ఆ నలుగురూ తమరికన్నా సుఖపడుతున్నది ఏమీ లేదు. లారీ టైరు తిరిగి తిరిగి అరిగి పోతుంది, కారవాన్ టైరు నిలబడి నిలబడి ముసలిదై పోతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ బండి వేపచెట్టు కింద సగం నీడలో, సగం ఎండలో ఉంటుంది. ఎండ పడ్డ వైపు రబ్బరు ఎండిపోయి పక్కగోడ మీద వెంట్రుకంత పగుళ్ళు తీస్తుంది. నెలల తరబడి ఒకే చోట బరువు మోసిన భాగం చదునవుతుంది. టైర్ల మీద ఎండ పడకుండా ఒక పట్టా కప్పి, అప్పుడప్పుడు బండిని నాలుగు అడుగులు కదిపితే సగం రోగం దగ్గరికి రాదు. బావగారు ఆ రెండూ చేయరు గాని, బయల్దేరే ముందు టైరు గాడిలో రూపాయి బిళ్ళ నిలబెట్టి చూసి, "కొత్త పెళ్ళికొడుకులా ఉంది" అని తృప్తి పడతారు.

గాలి విషయంలో ఆయన మరీ ఉదారులు. ఆ నలుగురికీ డబ్బు పోసి నైట్రోజన్ నింపించారు. మనం ఊరకే పీల్చే గాలిలోనే నూటికి 78 పాళ్ళు నైట్రోజన్ ఉంటుందని చెప్పి ఆయన ఆనందం పాడుచేయడం ఇష్టం లేక నేను ఊరుకున్నాను. "కింద స్టెప్నీకి కూడా కొట్టమంటారా, సార్?" అని పంచరు షాపు కుర్రవాడు అడగనే అడిగాడు. "దానితో ఇప్పుడేం పని? పొద్దెక్కుతోంది, పద" అన్నారు బావగారు. పంచరు లేని టైరైనా నెలకు ఒకటి రెండు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి తనంతట తానే కోల్పోతుందన్న విషయం తమరికి స్వానుభవమే గనుక ప్రత్యేకంగా విన్నవించనక్కరలేదు.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని అందరూ అంటారు. టైరు మాత్రం పగలదని ఎలా అనుకుంటారో అర్థం కాదు. గాలి తగ్గిన టైరు తిరిగినప్పుడల్లా పక్కగోడ అతిగా వంగి లేస్తుంది. ఆ వంగడంలో పుట్టిన వేడి రోడ్డు వేడితో కలిసి లోపలి పొరలను విడదీస్తుంది. అందుకే గాలిని తెల్లవారుజామున, బండి కదలక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. కాజా టోల్‌గేటు దాటిన తర్వాత మిట్టమధ్యాహ్నం కొలిపించి, అంకె పెరిగిందని కంగారుపడి గాలి వదిలించడం బావగారి పద్ధతి. సాయంత్రానికి టైరు చల్లబడేసరికి ఆ అంకె ఉండవలసిన దానికన్నా కిందికి దిగిపోతుంది. మర్నాడు ఉదయం అదే గాలితో ప్రయాణం.

బరువు సంగతి ఇంతకన్నా ముచ్చటగా ఉంటుంది. లీటరు నీరు కిలో తూగుతుంది గనుక ట్యాంకు నిండితేనే ముగ్గురు మనుషులు టికెట్టు లేకుండా బండెక్కినట్టు. ఆపైన బ్యాటరీలు, సిలిండరు, బియ్యం, ఆవకాయ జాడీ, అత్తగారి మందుల పెట్టె ఉంటాయి. గుంటూరు మిర్చియార్డులో ఒక్క టిక్కీ (మిర్చి బస్తా) కూడా తూకం లేకుండా చేతులు మారదు, ఆ చుట్టుపక్కల లారీ కాటాలకూ కొదవ లేదు. అయినా నిండు సామానుతో కారవాన్‌ను కాటా ఎక్కించి, మొత్తం బరువు ఆర్.సి.లో రాసిన దానికి లోపల ఉందా, ముందు ఇరుసు మీద ఎంత పడుతోంది, వెనుక ఎంత పడుతోంది అని చూసుకున్న యజమాని ఇంతవరకు నా కంటబడలేదు. ఏ బరువుకు ఎంత గాలి ఉండాలో చెప్పే చీటీని కంపెనీవారు డ్రైవరు తలుపు దగ్గర అతికించి ఇచ్చారు. ఇప్పుడు దాని మీద వేంకటేశ్వరస్వామి స్టిక్కరు ఉంది.

వచ్చే నెల శ్రీశైల ప్రయాణం నిశ్చయమైంది. నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం దాకా పంచరు షాపులకు లోటు లేదు. దోర్నాల దాటితే నల్లమల అడవి, పులుల అభయారణ్యం, రాత్రిపూట మూసేసే చెక్‌పోస్టు, అందీ అందని ఫోను. తమరి కొలువు నిజంగా మొదలయ్యేది అక్కడే. అక్కడ తమరిని కిందికి దించవలసిన చైను తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు దించి గ్రీజు పెట్టి ఉంటే ఆ గతి పట్టేది కాదు. దొంగల భయంతో తమరికి వేసిన తాళం చెవి ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఉన్న జాకీ బావగారి పాత చిన్నకారుది, కారవాన్ బరువు మూడు టన్నుల పైమాటే.

చక్రం మార్చడంలో మావాళ్ళకు ఒక సంప్రదాయం ఉంది. ముందు బండిని గాలిలోకి లేపుతారు, తర్వాత నట్లు వదులు చేయబోతారు, చక్రం గిర్రున తిరుగుతుంటే ఒకరు పట్టుకోగా ఇంకొకరు స్పానరు మీదికెక్కి గంతులు వేస్తారు. జాకీ మీద నిలిచిన బండికి ఈ నాట్యం ఎంతమాత్రం నచ్చదు. చక్రం నేల మీద ఉండగానే నట్లను అరచుట్టు వదులు చేయాలని, హ్యాండ్ బ్రేకు వేసి ఎదురుమూల చక్రానికి ముందు వెనుక రాళ్ళు పెట్టాలని, ఎండకు మెత్తబడిన తారులో దిగబడకుండా జాకీ కింద చెక్క వేయాలని, లేపిన బండి కిందికి చెయ్యి కూడా పోనీయరాదని, నట్లను వరుసగా కాక ఎదురెదురుగా బిగించాలని, 100 కిలోమీటర్ల లోపే ఆగి మళ్ళీ ఒకసారి బిగింపు చూడాలని ఆటోనగర్‌లో ఏ మేస్త్రీని అడిగినా చెబుతాడు. అడగడమే నామోషీ.

జాతీయ రహదారి మీద అయితే ఇంకో ముచ్చట. మెరిసే త్రికోణాన్ని బండికి కనీసం 50 మీటర్ల వెనుక పెట్టి, అందరూ ఎడమవైపు దిగి రెయిలింగు అవతల నిలబడి, రహదారి సహాయవాణి 1033కు ఫోను చేయాలి. మావాళ్ళు త్రికోణాన్ని ప్లాస్టిక్ కవరు విప్పకుండా భద్రంగా దాచుకుని, వేపకొమ్మ విరిచి రెండు బండరాళ్ళతో నిలబెడతారు. పని అయ్యాక కొమ్మనూ రాళ్ళనూ వెనుక వచ్చేవారికి కానుకగా రోడ్డు మీదే వదిలి వెళతారు. ఇంత జరుగుతున్నా లోపల మంచం మీద ఒకరిద్దరు నిద్రపోతూనే ఉంటారు. నడుస్తున్న బండిలో సీటు బెల్టు లేకుండా మంచం మీద పడుకోవడమే తప్పని వారికి చెప్పినవారు లేరు.

తమరి సాటి ఉద్యోగుల పరిస్థితి కూడా ఒక్క మాటలో మనవి చేస్తాను. మంటలార్పే సిలిండరు అందంగా లేదని దానిని పరదా వెనుకకు పంపారు, దాని ముల్లు ఎప్పుడో ఎర్రగీతలోకి దిగింది. వంటగ్యాసు గాలికన్నా బరువు గనుక కారితే నేల మీదే పేరుకుంటుంది. అది పోయేందుకు అడుగున వదిలిన కన్నాలను బొద్దింకలు వస్తున్నాయని అక్కయ్య కార్పెట్‌తో మూసేసింది. బండి కదిలే ముందు సిలిండరు వాల్వు కట్టేయడం ఎవరి పనో ఇంకా తేలలేదు. జనరేటరు పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు గనుక దానికి అలారం పెట్టమన్నాను. "వాసనే లేనప్పుడు ఇబ్బందేముంది?" అన్నారు బావగారు.

చివరగా తమరి కొలువుకే ముప్పు తెచ్చే వార్త ఒకటి ఉంది. 2020లో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నియమాలను సవరించింది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఎంతుందో చెప్పే పరికరం, పంచరు కిట్టు ఉంటే 3.5 టన్నులు మించని ప్రయాణికుల చిన్న వాహనాలకు స్టెప్నీ లేకపోయినా ఫరవాలేదంది. బావగారు ఇందులో చివరి ముక్క మాత్రమే చదివారు. ముందు చెప్పిన మూడూ కారవాన్‌లో లేవని, దారంతా పంచరు కిట్టుకు లొంగే చిన్న మేకులే ఉంటాయని ఎవరూ హామీ ఇవ్వలేదని, పక్కగోడ చీలితే ఏ కిట్టూ అక్కరకు రాదని నేను మనవి చేసుకున్నాను. ఆయన దీపాల రంగు మార్చి చూపించారు.

కాబట్టి ఈ ఉత్తరాన్ని తమరికి చదివి వినిపించే నెపంతోనైనా ఎవరో ఒకరు గాలిమీటరు చేతపట్టుకుని బండి కిందికి దూరుతారని ఆశిస్తూ,

ఇట్లు,
పై మంచం కేటాయించబడిన బావమరిది.

తా.క.: సామానుకు చోటు చాలక ఈ ఉదయం జాకీని, వీల్ స్పానరును ఇంటి దగ్గరే దించేశారు. ఆ స్థానంలో ఆరు మడతకుర్చీలు ఎక్కాయి. తమరిని కూడా దించేద్దామని గట్టిగానే ప్రయత్నించారు గాని, తాళం చెవి దొరకలేదు.